తాళపు రాయికి పాడె

మోర్వాల్‌లో రాయి చచ్చిపోతే ఆ పూట పని ఉండదు.

రాయేమిటి, చావడమేమిటి అని ఆ ఊళ్ళో ఎవరూ అడగరు. మేరీమాత పెద్ద చర్చి కట్టే రాతిపనివాళ్ళకి అది తాతలనాటి ఆచారం. ఎవడైనా చేతులారా రాయి పాడుచేశాడా, ఆ రాయిని పాడె మీద పడుకోబెడతారు. నలుగురు మోస్తారు. పాడుచేసినవాడు పనిలో కట్టుకునే తోలుగుడ్డ తలమీద కప్పుకుని, బిడ్డ పోయిన తండ్రిలా వెనకాల నడవాలి. మిగతావాళ్ళు దొంగ ఏడుపులు ఏడుస్తూ, అప్పటికప్పుడు పాటలు కడుతూ, చర్చి వెనకున్న గోతిదాకా సాగనంపుతారు. ఆ గోతికి బొందలగడ్డ అని పేరు. దారిలో సంత ఉంది కాబట్టి క్యాబేజీ మట్టలకి, కుళ్ళిన ఉల్లికాడలకి కరువు ఉండదు. పైసా ఖర్చు లేని తమాషా అంటే ఏ ఊరికి మాత్రం చేదు?

ఆ ఏడు ఆగస్టులో కొలార్ రాయి చచ్చింది. ఇలాంటి రాయి అలాంటి రాయి కాదు, తాళపు రాయి. కప్పు కింద నాలుగు మూలల నించీ రాతి వాసాలు వంగుతూ పైకి లేచి, నడిమధ్యన ఒక్కచోట కలుస్తాయి. ఆ కలిసే చోట దించే రాయి అది. అది దిగి బిగుసుకుంటేనే కప్పు తనంతట తాను నిలబడుతుంది, కిందున్న చెక్క ఊతలు తీసెయ్యొచ్చు. కొలార్ దాని అడుగున ద్రాక్షతీగ చెక్కాడు. ఆకుకి ఈనెలు కూడా తీశాడు. అంత ఎత్తున ఈనెలు ఎవడికి కనిపిస్తాయిరా అని అడిగితే, పావురాలకి అనేవాడు.

తొక్కుడు చక్రం మీద మనుషులు చెమటలు కక్కుతూ ఆ రాయిని పైకి లాగి, వాసాల మధ్యకి దించారు. అది బిగుసుకోలేదు. వదులు గాజులా గడగడా ఊగింది. చుట్టూ బొటనవేలు పట్టేంత సందు.

పరంజా మీద నిలబడ్డ పెద్దమేస్త్రీ ఆంగెరాన్ మొహం ఎర్రబడింది. కింద బిషప్పుగారి మనుషులు తలలెత్తి చూస్తున్నారు.

"ఎవడిదిరా ఈ రాయి?" అని అరిచాడు. ఎవడిదో ఆయనకి తెలుసు. రాయి పక్కవైపున కొలార్ గుర్తు, చేప ముల్లులాంటి గీత, ఉండనే ఉంది.

కొలార్ గబగబా నిచ్చెనెక్కి వచ్చాడు. సందులో వేలు పెట్టి చూసుకున్నాడు. "అన్నా, అచ్చు ప్రకారమే చెక్కానన్నా. ఒక్కసారి అచ్చుపలక పెట్టి చూసుకోనీ," అన్నాడు.

అచ్చుపలక అంటే పెద్దమేస్త్రీ గీసి, పల్చటి చెక్కలో కోసి ఇచ్చే ఆకారం. దాన్ని రాయి మీద పెట్టి, చుట్టూ గీసుకుని చెక్కుతారు. అచ్చు తప్పుతుందేమోనన్న అనుమానం ఆ పనిపాకలో ఎవడికీ రాదు. వచ్చినా పైకి అనడు.

"చచ్చినవాడి కొలతలు శవపెట్టె చేసే వడ్రంగికి కావాలిరా, నీకెందుకు?" అన్నాడు ఆంగెరాన్.

పరంజా అంతా గొల్లుమంది. కింద చక్రం తొక్కేవాళ్ళకి ఆ మాట చేరేసరికి అక్కడా నవ్వులు. కొలార్ కూడా నవ్వడానికి ప్రయత్నించాడు, పాపం.

ఆ మధ్యాహ్నమే పాడె లేచింది. పెద్దమేస్త్రీ తర్వాతివాడు గిశార్ ఫాదిరీ వేషం వేశాడు. "అయ్యయ్యో, పొద్దున్నదాకా గుండ్రాయిలా ఉన్నదే! ఏం రోగమొచ్చి పోయింది?" అని గుండెలు బాదుకున్నాడు. "కొలార్ రోగం! కొలార్ రోగం!" అని మిగతావాళ్ళు అందుకున్నారు. పాట ఎత్తుకున్నది మాత్రం సాక్షాత్తు పెద్దమేస్త్రీయే. మంచి గొంతు ఆయనది. కొలార్ చేతులకి పది బొటనవేళ్ళని, వాడు ఉలి పడితే కొండలు పారిపోతాయని, చరణం మీద చరణం కట్టాడు. తోలుగుడ్డ కింద కొలార్ భుజాలు ఎలా ఉన్నాయో ఆయన చూడలేదు. చూసుంటే ఆ చివరి చరణం పాడేవాడు కాదేమో. పాడేవాడేలెండి. జనం నవ్వుతుంటే ఆపడం ఎవడి తరం?

ఇంత కోపం ఎందుకొచ్చిందంటే, ఆ కప్పు ముక్క ఆంగెరాన్ ప్రాణం.

మోర్వాల్ పెద్ద చర్చిది ఒక వయసు కాదు. తూర్పు సగం వితాస్ అనే మేస్త్రీ కట్టాడు. ఆయన కాలంలో వాళ్ళకి రాయంటే భయం, కూలుతుందేమోనని. స్తంభాలు పీపాల్లా ఉంటాయి, కిటికీలు పిసినారి ఇంటి కిటికీల్లా ఉంటాయి. గోడలు మనిషి పడుకునేంత మందం. వితాస్ పోయాడు. ఆ తర్వాత పైన చెక్క కప్పు అంటుకుని బూడిదైంది. డబ్బులు లేవు. పునీతుల ఎముకలు పెట్టెలో పెట్టుకుని ఊరూరా తిరిగి చందాలు అడిగారు. ఒక తరం పాటు సగం లేచిన గోడల మీద మేకలు మేశాయి. అప్పుడు ఆంగెరాన్ వచ్చాడు. సన్నటి స్తంభాలు, మొనదేలిన కమానులు, గోడంతా కిటికీయే. ఆ బరువంతా ఎటు పోతుందయ్యా అంటే, బయటినించి రాతి చేతులు ఆనించి నేలకి దించేశాడు. లోపల నిలబడి పైకి చూసేవాడికి టోపీ కిందపడాల్సిందే.

ఇవన్నీ ఒక ఎత్తు, పాతా కొత్తా కలిసే చోటు ఒక ఎత్తు. పీపా స్తంభం పక్కన రెల్లు స్తంభం. "ఎక్కడ ముసలాయన ఆగాడో, ఎక్కడ నేను మొదలుపెట్టానో దేవుడు కూడా వెతుక్కోవాలి," అని ఆంగెరాన్ బిషప్పు ముందు గొప్పలు చెప్పుకున్నాడు. కొలార్ రాయి ఆ చోటిదే.

కొలార్ అంటే ఆయనకి కిట్టక కాదు. ఇద్దరిదీ ఒకే క్వారీ ఊరు. పదేళ్ళ వయసులో ఒకే కంచంలో బఠాణీ జావ తాగారు. ఆంగెరాన్‌కి లెక్కలు, గీతలు పట్టుబడ్డాయి, పెద్దమేస్త్రీ అయ్యాడు. కొలార్‌కి ఆకులు, తీగలు పట్టుబడ్డాయి, ఉలి దగ్గరే ఉండిపోయాడు. మిగతావాళ్ళంతా "మేస్త్రీగారూ" అంటే, కొలార్ ఒక్కడే "అన్నా" అనేవాడు.

శవయాత్ర అయిన మర్నాడు ఆంగెరాన్ గీతల గదికి వెళ్ళాడు. చర్చి గుమ్మం పైన మేడగది అది. నేలంతా తెల్లటి గచ్చు. కిటికీలూ కమానులూ అన్నీ ఎంతవి అంతే ఆ గచ్చు మీద గీసి ఉంటాయి. చెప్పులు విప్పి తప్ప ఆయన ఎవరినీ రానివ్వడు. కొత్త తాళపు రాయి చెక్కించాలి కదా, ఆ గీతల మీద దుమ్ము తుడిచి చూద్దామని వంగాడు. కొలబద్ద తీసి ఆనించాడు.

గోడకి రెండు కొలబద్దలు వేలాడుతుంటాయి. నల్లబడ్డది వితాస్‌ది. పసుపు రంగుది ఆంగెరాన్‌ది. వితాస్ ఊరి అడుగు వేరు, ఆంగెరాన్ ఊరి అడుగు వేరు. అడుగుకి గోరంత తేడా. కొత్తగా వచ్చిన రోజునే ఆయన పనివాళ్ళందరినీ నిలబెట్టి, ఆ నల్లబద్ద ముట్టుకున్నవాడి వేళ్ళు నరుకుతానని చెప్పాడు. అన్నట్టుగానే ఎవడూ ముట్టుకోలేదు. కానీ పాతా కొత్తా కలిసే చోట కొలతలు వితాస్ స్తంభాల నించి మొదలవ్వాలి కాబట్టి, ఆ ఒక్క కప్పుముక్క ఆయనే స్వయంగా నల్లబద్దతో గీశాడు. వాసాలన్నీ నల్లబద్దతోనే. మరి తాళపు రాయి?

ఆంగెరాన్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పసుపుబద్ద ఆనించాడు. సరిగ్గా సరిపోయింది. నల్లబద్ద ఆనించాడు. సరిపోలేదు.

ఇంకోసారి పెట్టాడు. బద్ద నేలకి నొక్కిపట్టి మళ్ళీ పెట్టాడు. గచ్చు అబద్ధం చెప్పదు. వాసాలు ఒక అడుగుతో గీసి, తాళపు రాయి ఇంకో అడుగుతో గీశాడు. కొలార్ అచ్చు ప్రకారమే చెక్కాడు. ఈనెలతో సహా.

ఆంగెరాన్‌కి తల కొట్టేసినట్టయింది. చెవులు వేడెక్కాయి. చచ్చినవాడి కొలతలు నీకెందుకురా అన్న మాట తన గొంతుతోనే మళ్ళీ వినిపించింది. ఆ ఒక్క క్షణం అచ్చు పెట్టి చూడనిచ్చుంటే! జనాన్ని నవ్వించాలనే ఆ మాట అన్నాడు. జనం నవ్వారు కూడా. ఆ పాట గుర్తొచ్చింది. పది బొటనవేళ్ళు. ఆ గదిలో ఎవరూ లేకపోయినా చేతులతో మొహం కప్పుకున్నాడు.

అప్పుడే లేచి కిందికి వెళ్ళి చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. వెళ్దామనే లేచాడు. మెట్ల దాకా వెళ్ళాడు. కింద ఎవడో కొలార్‌ని "ఏరా, ఇవాళ ఏ రాయికి చావు రాసిపెట్టుంది?" అని ఏడిపిస్తున్నాడు. అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వు తనవైపు తిరిగితే ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. వెనక్కి తిరిగాడు. తడిగుడ్డతో ఆ గీతలు తుడిచాడు. నల్లబద్దతో కొత్తగా గీశాడు. కొత్త అచ్చు కోశాడు. పాత అచ్చుని చంకలో పెట్టుకుని వెళ్ళి కమ్మరి కొలిమిలో పడేశాడు.

"మంచి చెక్కండీ అది, మేస్త్రీగారూ," అన్నాడు కమ్మరి.

"వంకరపోయింది," అన్నాడు ఆంగెరాన్. ఆ మాట అంటుంటే మొహం కాలింది, కొలిమి వేడికి కాదు.

తప్పు దాచినవాడికి దానధర్మాల మీద మనసు పోతుంది. కొత్త తాళపు రాయిని గిశార్ తన మనిషికి ఇద్దామన్నాడు. ఆంగెరాన్ వినలేదు. "కొలార్‌కే ఇవ్వు," అన్నాడు. ఈసారి రాయి చక్కగా కూర్చుంటుంది, కొలార్ మళ్ళీ తలెత్తుకుంటాడు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకుండానే అంతా సర్దుకుంటుంది. ఆ ఆలోచన ఆయనకి ఎంత నచ్చిందంటే, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా.

పనిపాకలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. "చంపినవాడికే ఇంకో బిడ్డనిచ్చాడు! ఏం మనసండీ మేస్త్రీగారిది!" అన్నారు. అది విని ఆంగెరాన్ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

కానీ కొలార్ మునుపటి కొలార్ కాదు. ఇదివరకు పాటలు పాడుకుంటూ చెక్కేవాడు, ఇప్పుడు ఒక గీత గీసి పదిసార్లు కొలుస్తున్నాడు. అచ్చు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, పక్కవాణ్ణి పిలిచి "సరిగ్గానే ఉందంటావా?" అని అడుగుతున్నాడు. పక్కవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు.

సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం కొలార్ ఆంగెరాన్ ఇంటికి వచ్చాడు. పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని చేతులు చాపి చూసుకున్నాడు.

"అన్నా, నీకో మాట చెప్పాలి. ఎవరికీ చెప్పకు."

"చెప్పు."

"ఆ రాయి నేను తప్పు చెక్కినట్టు నాకు గుర్తులేదన్నా. ఎంత ఆలోచించినా గుర్తురావట్లేదు. సరిగ్గా చెక్కాననే నా చేతులు చెప్తున్నాయి. కానీ సందు నేనే కళ్ళారా చూశాను కదా. అంటే నా చేతులు నాతో అబద్ధమాడుతున్నాయి. ఇన్నేళ్ళలో ఎన్ని అబద్ధాలు ఆడాయో! పైన నేను పెట్టిన రాళ్ళన్నీ ఎలా ఉన్నాయో!" అన్నాడు. చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు. "మా ఆవిడ హెర్సాంత్‌కి కూడా చెప్పలేదు. కళ్ళు పోతున్నాయంటావా?"

ఇదిగో, ఇక్కడ చెప్పాలి. గదిలో ఇద్దరే ఉన్నారు. నవ్వేవాడు లేడు. ఆంగెరాన్ నోరు తెరిచాడు. నోట్లో పచ్చివెలక్కాయ పడ్డట్టయింది. నెల రోజులు దాచినదాన్ని ఇప్పుడు చెప్తే, ఎందుకు దాచావన్నా అని అడుగుతాడు. దానికేం చెప్పాలి? కొలిమి సంగతి ఎలా చెప్పాలి?

"వయసురా, తమ్ముడూ. అందరికీ వచ్చేదే," అన్నాడు.

అని, తన మాట తానే విని, పొయ్యిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆయన బతుకులో అంత నీచమైన మాట ఇంకోటి అనలేదు. కొలార్ తలూపాడు. "అంతేనంటావా," అన్నాడు. లేచి, వెళ్ళేటప్పుడు, "నువ్వుండబట్టి సరిపోయిందన్నా. ఇంకొకడైతే ఆ రాయి నా చేతికి మళ్ళీ ఇచ్చేవాడా?" అన్నాడు. ఆంగెరాన్ ఆ రాత్రి రొట్టె ముట్టలేదు.

అక్టోబరులో, ద్రాక్షతీగలో ఆఖరి ఆకు మిగిలుండగా, కొలార్ ఉలి జారింది. ఈసారి అచ్చు తప్పు కాదు, ఎవరి తప్పూ కాదు. చెయ్యి వణికింది. రాయి అంచు పెచ్చులూడి కిందపడింది. కొలార్ ఉలి తీసి సంచిలో పెట్టాడు. తానే వెళ్ళి మూలనున్న పాడె తెచ్చి రాయి పక్కన పెట్టాడు. తోలుగుడ్డ విప్పి తలమీద వేసుకుని నిలబడ్డాడు.

ఆంగెరాన్ కడుపునొప్పని చెప్పి ఇంట్లో పడుకున్నాడు. ఇల్లు సంత పక్కనే. దొంగ ఏడుపులు, నవ్వులు, మట్టలు పడ్డ చప్పుడు అన్నీ వినిపించాయి. పాట కూడా వినిపించింది. కొత్తది కట్టే ఓపిక లేక, ఆగస్టులో ఆయన కట్టిందే పాడుతున్నారు.

మూడో తాళపు రాయి గిశార్ మనిషి చెక్కాడు. చలి ముంచుకొస్తోంది కాబట్టి ఆకులూ తీగలూ ఏమీ పెట్టలేదు. నున్నటి రాయి. అది చక్కగా దిగి బిగుసుకుంది.

ఇక నవంబరులో పునీత మార్టిన్ పండగ వచ్చేసింది. ఆ పండగనాడు గోడల మీద గడ్డీ పేడా కప్పేస్తారు, మంచుకి తడి సున్నం పగలకుండా. తాపీవాళ్ళు ఊళ్ళకి వెళ్ళిపోతారు. చలికాలమంతా పాకలో నిప్పు పక్కన కూర్చుని చెక్కేవాళ్ళ పేర్లు మాత్రం ఆ ఉదయం పిలుస్తారు. ఒకే ఏడాదిలో రెండు పాడెల వెనక నడిచినవాడి పేరు పిలవరు. అదీ ఆచారమే. ఇక్కడ పిలవనివాణ్ణి ఇంకో చర్చి పాకలో కూడా రానివ్వరు. మనిషికంటే ముందు కబురు చేరిపోతుంది.

పండగకి ముందురోజు కొలార్ పెళ్ళాం హెర్సాంత్ ఆంగెరాన్ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఆకు చుట్టిన జున్ను గడ్డ. "ఆయనకి తెలీదు నేనొచ్చినట్టు. ఆయన్ని రాళ్ళు మొయ్యడానికైనా ఉండనివ్వండి మేస్త్రీగారూ. పని లేకపోతే మనిషి దక్కడు," అంది. జున్ను అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. ఆ జున్ను వైపు చూడలేక ఆంగెరాన్ దానిమీద గిన్నె బోర్లించాడు.

వెంటనే గిశార్‌ని పిలిపించి జరిగిందంతా చెప్పాడు. గిశార్ తలుపు వేసి వచ్చాడు.

"నాతో అన్నారు, అయిపోయింది. ఇంకెవరి దగ్గరా అనకండి. మీ కొలత తప్పిందంటే రేపు ఆ కప్పు కింద ఎవడు నిలబడతాడు? చక్రం ఎవడు తొక్కుతాడు? కొలార్ ఒక్కడు. మేం ఇంతమందిమి. కావాలంటే వాడికి ఏ గేటు దగ్గరో కాపలా పని ఇప్పిద్దాం."

ఎంత చక్కటి మాట! సిగ్గుపడ్డవాడికి ఇలాంటి మాట దొరికితే పరుపు దొరికినట్టే. ఆంగెరాన్ ఆ మాట మీద రాత్రంతా పడుకోవాలని చూశాడు. నిద్ర రాలేదు.

తెల్లవారింది. పాక ముందు మంచులో అందరూ నిలబడ్డారు. గిశార్ పేర్లు పిలిచాడు. పిలిచినవాడల్లా నిప్పు వైపు వెళ్ళి నిలబడ్డాడు. కొలార్ తన పేరు రాదని తెలిసినా టోపీ చేత్తో పట్టుకుని చివర నిలబడ్డాడు. గిశార్ పిలవడం ఆపేశాడు.

"పాడె తెండి," అన్నాడు ఆంగెరాన్.

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రాయి ఏదీ చావలేదే! ఆంగెరాన్ రెండు కొలబద్దలూ తెచ్చి, అందరికీ కనిపించేలా పక్కపక్కన పెట్టి పట్టుకున్నాడు. నల్లది గోరంత పొడుగు.

"ఆగస్టులో చచ్చిన రాయిని కొలార్ చంపలేదు. నేను చంపాను. దీంతో గియ్యాల్సింది దీంతో గీశాను. మర్నాడే తెలిసింది నాకు. తెలిసి దాచాను. అచ్చు కాల్చేశాను. అబద్ధాలాడాను. కొలార్ చెయ్యి వణికింది కూడా నా వల్లే." బద్దలు కిందికి దించాడు. "వెళ్ళి ఆ రాయి గోతిలోంచి తీసుకురండి. మళ్ళీ మొయ్యండి. నేను వెనకాల నడుస్తాను."

రాయి తెచ్చారు. మట్టి పట్టిన ద్రాక్షతీగ పైకి కనబడేలా పాడె మీద పెట్టారు. ఆంగెరాన్ ఎవడిదో తోలుగుడ్డ అడిగి తీసుకుని తలమీద కప్పుకున్నాడు. నడిచాడు. నవ్వు కోసం చెవులు రిక్కించాడు. మొదటి క్యాబేజీ మట్ట కోసం వీపు బిగబట్టుకున్నాడు.

ఏమీ రాలేదు. సంత మధ్యలోకి వచ్చారు. తోలుగుడ్డ పక్కకి తీసి చూశాడు. కబురు ముందే చేరినట్టుంది, మగవాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు. ఒక ముసలమ్మ శిలువ గుర్తు వేసుకుని కళ్ళు తుడుచుకుంటోంది. చేపలవాడు బుట్ట దించి మోకరిల్లాడు.

"నవ్వండిరా!" అని అరిచాడు ఆంగెరాన్. "పాట పాడండి! గిశార్, నీ ఫాదిరీ వేషమేదీ? పాడండిరా!"

గిశార్ తల వంచుకున్నాడు. ఎవడో వెక్కి ఏడ్చాడు. ఆయన అరిచేకొద్దీ జనం ఇంకా కరిగిపోయారు. ఈలోగా చర్చి పెద్ద గురువు గొంబెర్ కబురు విని పరిగెత్తుకుంటూ వచ్చి, ఆయన తలమీద చెయ్యి పెట్టి దీవించాడు. "ఇంత పెద్ద మనిషి! ఇంత వినయం! ఆదివారం ప్రసంగంలో చెప్తాను," అన్నాడు. మధ్యాహ్నానికి బిషప్పుగారి ఇంటినించి ఒక ద్రాక్షసారా పీపా వచ్చింది. గిశార్ ఆయన చెవిలో, "నేనే పొరబడ్డాను మేస్త్రీగారూ. మీ పేరు ఇంకా నిలబడింది," అన్నాడు. ఆంగెరాన్ వాణ్ణి పక్కకి నెట్టాడు.

ఆ పీపా వైపు చూడకుండా కొలార్ ఇంటికి వెళ్ళాడు. గుమ్మంలో తోపుడుబండి మీద పరుపు, కుండలు కట్టి ఉన్నాయి. హెర్సాంత్ తాడు బిగిస్తోంది. కొలార్ లోపలినించి ఉలుల సంచి తెచ్చి బండిలో పెట్టాడు.

"నీ పేరు పిలిపిస్తాను కొలార్. నిప్పు పక్క చోటు నీదే. మళ్ళీ ఊతలు పెట్టించి ఆ నున్నటి రాయి తీయించేసి, నీ ద్రాక్షతీగే మళ్ళీ చెక్కిస్తాను. ఏమంటావు?"

"వద్దులెండి, మేస్త్రీగారూ," అన్నాడు కొలార్.

అన్నా అనలేదు. ఆంగెరాన్ ఆ మాటకే సగం చచ్చాడు.

"కోపంగా ఉందా?"

"కోపమేం లేదండి. మొదటి రాయి మీరు చంపారు, చెప్పారు. సరే. రెండోది మాత్రం నేనే చంపాను. ఎవరు ఒప్పుకున్నా అది నాదే. ఇప్పుడు ఉలి పట్టుకుంటే, రాయి కనపడేకంటే ముందు నవ్వు వినపడుతోంది. మా బావమరిదికి పందుల కొట్టం ఉంది. అక్కడికి పోతున్నాం." అతను బండి పిడి పట్టుకున్నాడు. "ఒకే రాయి కదండీ. ఒకే పాడె. ఒకే దారి. నామీద మట్టలు పడ్డాయి. మీకు టోపీలు తీశారు."

ఆంగెరాన్ ఏదో అనబోయాడు. హెర్సాంత్ తాడు వదిలి ఆయన ముందుకి వచ్చి నిలబడింది.

"నేనూ మట్ట వేశాను, మేస్త్రీగారూ. ఆగస్టులో. వెయ్యకపోతే ఏడుస్తున్నాననుకుంటారని, పక్కామె చేతిలో పెడితే, నా చేత్తో నా మొగుడి మీద వేశాను. ఇవాళ మీరు నా ముందునించే నడిచారు. బుట్టలో మట్టలున్నాయి. చేతిలోకి తీసుకున్నాను కూడా. చెయ్యి లేవలేదు. మా ఆయన మీదికి లేచిన చెయ్యి మీ మీదికి లేవలేదు," అంది. ఆమె మొహం నెత్తురు చుక్క లేకుండా పాలిపోయింది. "మీరు మీ తప్పు దించేసుకున్నారు. నాదెక్కడ దించుకోను?"

బండి వెళ్ళిపోయింది. ఆంగెరాన్ ఆ ఖాళీ ఇంటి గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. దారినపోయేవాళ్ళు ఆయన్ని చూసి టోపీలు తీసి, చప్పుడు చెయ్యకుండా పక్కనించి వెళ్ళారు.

ఆదివారం గొంబెర్ అన్నమాట ప్రకారం ప్రసంగం చెప్పాడు. ముందు వరసలో ఆంగెరాన్‌కి చోటు ఇచ్చారు. కొలార్ పేరు ఎక్కడా రాలేదు, ఎవడో ఒక రాతిపనివాడని మాత్రం వచ్చింది. గొప్పవాడైనా తన తప్పు ఒప్పుకున్న మేస్త్రీ కథ వింటూ ఊరు ఊరంతా తలలు తిప్పి ఆయన వైపే చూసింది. తల్లులు పిల్లల్ని ఎత్తి చూపించారు. ఆంగెరాన్‌కి ఎవరి కళ్ళలోకీ చూసే ధైర్యం లేకపోయింది. తల వంచుకుని, మోకాళ్ళ మధ్య చేతులు ఇరికించుకుని, అలాగే కూర్చుండిపోయాడు.

జనం దాన్ని కూడా వినయమే అనుకున్నారు.